పెట్టిన చెయ్యి ఎవరిది?

నాగర్‌కర్నూల్, వనపర్తి మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ కేంద్రాలు. గద్వాల 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుంచి అదే మిషన్ చేతికొచ్చింది. ఈ మూడు ఊళ్ల క్రైస్తవ సేవ గురించి చెప్పేటప్పుడు బడి, ఆస్పత్రి కట్టిన దొరల పేర్లే వస్తాయి. మాల, మాదిగలు పుచ్చుకునే చేతులుగానే మిగిలారు. 'బియ్యం కోసం మతం మారినోళ్లు' అనే అగ్రకుల నిందకు ఈ చెప్పే తీరే ఊతమిస్తున్నదని మా వాదన.

అసలు జరిగిందేమిటి? గద్వాలలో పనిచేసిన ఆ బాప్టిస్టుల ఒంగోలునే చూద్దాం. 1876-78 కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. అక్కడ మాదిగలకు ముట్టింది దానం కాదు, మట్టి తవ్విన కూలి. పైగా కరువు సాయం నడుస్తుండగా ఆయన బాప్తిస్మాలు ఆపాడు.

1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య సంఘాల్లో, దళిత ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుని పేర పక్కన పెట్టారు. పస్తులెరిగిన ఇంటి పిడికెడు ఏ దొర విరాళానికి తీసిపోతుంది?

అందుకే పాలమూరు సేవా చరిత్రను మిషన్ రిపోర్టులతో ఆపొద్దు. వాడల్లోని ముసలమ్మలను అడగాలి, సంఘాల కానుకల పుస్తకాలు విప్పాలి. ఇచ్చినోళ్ల లెక్కలో మనోళ్ల పేర్లు ఎక్కాలి.