పులికాటు గట్టుమీద

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు రహదారి పులికాటు సరస్సును నడుమకు చీల్చుకొని సాగును. ఈశాన్య ఋతుపవనములు వెనుదిరిగిన పిదప, పుష్యమాసపు వేకువన, మిత్రబృందముతో ఆ గట్టుపై నిలిచి ఇరువైపుల పరికించినచో, ఉప్పునీరును మంచినీరును కలిసిన ఆ లోతులేని జలవిస్తారము ఎన్ని ప్రాణులకు అన్నము పెట్టుచున్నదో తెలిసివచ్చును.

రాజహంసలని మనవారు పిలుచు ఫ్లెమింగోలు తలను తలక్రిందుగా నీట ముంచి, వంపుముక్కునందలి జల్లెడవంటి అంచుల గుండ నాలుకతో నీటిని తోడి వెలికి నెట్టుచు, సూక్ష్మజీవులను, నాచును వడగట్టుకొనును. ఆ ఆహారమునందలి వర్ణద్రవ్యమే వాని ఈకలకు గులాబి వన్నె నిచ్చును. కావుననే బూడిదరంగు వీడని పిల్లలను గుంపులో ఇట్టే పోల్చవచ్చును. ముడిచిన రెక్క దూరమునకు తెల్లగనే తోచును. అది విచ్చుకొన్న క్షణమున లోపలి ఎరుపును, అంచుల నలుపును ఒక్కసారిగ బయల్పడును.

జట్టుగా పోవుటలోని సార్థకత లెక్కింపునందు తెలియును. పెద్దగుంపును ఒక్కొక్కటిగా ఎన్నుట అసాధ్యము. పది పక్షులు ఆక్రమించు చోటును కంటితో కొలిచి, దానిని నూరుకు పెంచి, ఆ కొలతను గుంపు పొడవునా పరచుకొనిపోవలెను. ఇద్దరు ముగ్గురు వేరువేరుగ లెక్కించి, అందరును ముగించిన పిమ్మటనే అంకెలు పైకి చెప్పుకొందురు. ముందుగా ఒకరు నోరు విప్పినచో తక్కినవారి కన్ను ఆ వైపే మొగ్గును. 1987లో ఆరంభమై ఏటేటా జనవరిలో జరుగు ఆసియా నీటిపక్షుల గణనకు ఇట్టి స్వచ్ఛంద పరిశీలకుల ఓపికయే ఆధారము. నీటి అంచున మేయు ఉల్లంకి పిట్టలలో ఏ రకమో రూఢిగా గుర్తింపరానిదానిని 'ఉల్లంకి జాతి' అని మాత్రమే వ్రాసి విడుచుట ఈ విద్యయందు నాకు మిక్కిలి గౌరవము కలిగించు నియమము.

అయినను, ఎగురు దృశ్యము ఛాయాచిత్రమున కందవలెనని నీట దిగి, చప్పట్లు చరచి, మేయుచున్న గుంపును లేపువారిని చూచినపుడు మనసు క్షోభించును. ఫ్లెమింగో ఉన్నచోటనే లేవజాలదు. మెడ సాచి, నీటిపై పరుగిడి, రెక్కల బలము కూడగట్టుకొని కాని గాలి నందుకొనదు. ఉత్తరాసియా నుండి వచ్చిన చిన్న ఉల్లంకులు వేసవికి ముందు జరుపవలసిన తిరుగుప్రయాణమునకై ఒంట కొవ్వు కూర్చుకొనుచుండగా, ప్రతి బెదురును ఆ నిల్వనే హరించును. సమీపముననున్న నేలపట్టు చెరువులో నీటి కడప చెట్లపై గూళ్ళు కట్టిన గూడబాతులు పిల్లలకు వలసిన చేపలకై ఈ సరస్సునకే వచ్చును. ఇచ్చట వానిని తరిమినచో అచ్చటి పిల్లలు పస్తుండును. దూరదర్శినిని ముక్కాలిపై నిలిపి గట్టు మీదనుండియే చూచువారికి ఈ సరస్సు దాచునది ఏమియు లేదు. నీటిలోనికి దిగవలసిన పనియు లేదు.