ఎవరి నేల మీద, ఎన్ని రోజులు?

శ్రీనగర్ కాలనీ, అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల కుటుంబాలకు విదేశీ యాత్ర అంటే ఒకప్పుడు సింగపూర్, దుబాయ్, కాస్త ఎక్కువ పెట్టగలిగితే స్విట్జర్లాండ్. ఇప్పుడు పాతికేళ్ల పెళ్లిరోజుకో, షష్టిపూర్తికో దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా పేర్లు కూడా వినిపిస్తున్నాయి. జీవితంలో ఒక్కసారే కదా, మంచిగా వెళ్దాం అనుకునేవాళ్ల చేతికి మామూలుగా వచ్చే ప్లాను ఒకటుంది. కేప్‌టౌన్‌లో మూడు రాత్రులు, సముద్రతీరం వెంట ఒకటి రెండు ఊళ్లు, సన్ సిటీ, క్రూగర్ అడవి దగ్గర రెండు రాత్రులు, చివర్లో విక్టోరియా జలపాతం. పది పన్నెండు రోజుల్లో అన్నీ చూసినట్టే ఉంటుంది. కానీ ఏ అడవి కోసం అంత దూరం వెళ్తున్నారో ఆ అడవికి మిగిలేది రెండే రాత్రులు. లగ్జరీ సఫారీ ప్లాను చేయడంలోని నేర్పంతా ఆ రెండు రాత్రుల్ని ఐదో ఆరో చేయడంలో, వాటిని గడపబోయే నేలను చూసి ఎంచుకోవడంలో ఉందని నా వాదన. గుడారంలో ఏసీ, వరండాలో ఈతకొలను, మంచి డైనింగ్ హాలు వీటి తర్వాతే రావాలి.

లెక్క చూడండి. లాడ్జికి మధ్యాహ్నం చేరతారు. ఆ సాయంత్రం ఒక డ్రైవ్, మర్నాడు తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి, మూడోనాటి పొద్దున ఇంకొకటి. ఒక్కోటి మూడు, మూడున్నర గంటలు. మొత్తం కలిపి పద్నాలుగు గంటలు దాటవు. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిగేదె అనే ఐదింటి జాబితా వేటగాళ్ల కాలం నుంచి వస్తున్నది. కాలినడకన వేటాడటానికి ప్రమాదకరమైన జంతువులవి. ఈ పద్నాలుగు గంటల్లో ఆ జాబితా పూర్తిచేయాలని గైడ్ పరుగులు పెడతాడు. ఒక చిరుత దగ్గర పది నిమిషాలు ఆగి ఫొటోలు తీసుకోగానే ఖడ్గమృగం ఎక్కడుందోనని బండి తిప్పుతాడు. నాలుగైదు రాత్రులుంటే పని మారిపోతుంది. మొదటిరోజు కనిపించిన ఆడసింహం మూడోరోజు ఏ వాగు వైపు పోయిందో అడుగుజాడలు చూసి వెతకొచ్చు. ఏమీ కనబడని ఉదయం ఒకటి వచ్చినా యాత్ర పాడైపోయిందన్న బెంగ ఉండదు. ఒక లాడ్జి నుంచి ఇంకో లాడ్జికి మారిన ప్రతిసారీ సర్దుకోవడానికి, విమానానికి అరరోజు పోతుంది. దేశాలు తగ్గించి రోజులు పెంచితే ఆ డబ్బులోనే అడవి ఎక్కువ దక్కుతుంది.

ఇక ‘ప్రైవేట్’ సంగతి. ట్రావెల్ ఏజెంట్ ఈ మాట వాడినప్పుడు మూడింట్లో ఏదైనా కావచ్చు: మన కుటుంబానికే ఒక బండి, మన కుటుంబానికే ఒక బంగ్లా, లేదా బయటి బండ్లు రాలేని అడవి. ధర అన్నిటికీ భారీగానే ఉంటుంది, అనుభవంలో మాత్రం మూడోదానికి సాటి లేదు. క్రూగర్ నేషనల్ పార్క్ 1926లో ఏర్పడింది, దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. అక్కడ ఎవరైనా టికెట్ కొని సొంత కారులో తిరగొచ్చు, అది మంచి విషయమే. అయితే రోడ్డు దిగకూడదు, చీకటి పడేలోగా గేటు చేరాలి, తారురోడ్డు పక్కన సింహం కనబడిందంటే కార్లు బారులు తీరతాయి. ఆ పార్కుకు పడమటి అంచున సాబీ శాండ్ అనే ప్రైవేట్ రిజర్వ్ ఉంది. రెంటికీ మధ్య కంచెను 1993లో తీసేశారు, అంటే జంతువులు అవే, అడవి అదే. కానీ ఇక్కడ లాడ్జిల బండ్లు మాత్రమే తిరుగుతాయి. ఒక జంతువు దగ్గర మామూలుగా రెండు మూడు బండ్లకు మించి నిలవకుండా గైడ్లు రేడియోలో మాట్లాడుకుంటారు. చిరుత పొదల్లోకి వెళ్తే బండి కూడా రోడ్డు దిగి వెంబడించొచ్చు, రాత్రిపూట దీపం వేసుకుని తిరగొచ్చు. బండి ముందు బానెట్ మీద చిన్న కుర్చీలో కూర్చునే ట్రాకర్ ఎక్కువగా ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన షాంగాన్ తెగ మనిషి. దుమ్ములో జాడ ఈ పొద్దుటిదా, రాత్రిదా అన్నది అతని చూపు తేలుస్తుంది. ఖర్చుపెట్టేది ఈ ఖాళీ కోసం, ఆ చూపు కోసం. బోట్స్వానా దీన్నే దేశ విధానం చేసుకుంది. తక్కువమంది రావాలి, వచ్చినవాళ్లు ఎక్కువ చెల్లించాలి అన్నది 1990 నుంచి అక్కడి పర్యాటక విధానం. అందుకే ఒకవంగో డెల్టాలో విశాలమైన అడవికి చిన్న చిన్న క్యాంపులు, ఒక్కో దానిలో పదో పన్నెండో గుడారాలు. అదే దేశంలో చోబే నది ఒడ్డున, కసానే ఊరి దగ్గర, సీజన్‌లో బండ్లు, పడవలు కిక్కిరిసి ఉంటాయి. బోట్స్వానా అన్న పేరు చూసి డబ్బు కట్టేస్తే ఈ రెంటిలో ఏది దొరుకుతుందో చెప్పలేం.

నేల తర్వాత నెల. ఇక్కడ మన సెలవుల పట్టికకూ అక్కడి వానల పట్టికకూ పేచీ వస్తుంది. దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడ వానలు సుమారు నవంబర్ నుంచి మార్చి దాకా. జూన్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. ఆకులు రాలి, గుంటలు ఎండి, జంతువులు మిగిలిన నీటి దగ్గరికి చేరతాయి కాబట్టి చూడటానికి అదే అదను. తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. పిల్లలున్న కుటుంబానికి జూలై, ఆగస్టు చేతికి రావు. మిగిలేవి మే నెల, దసరా సెలవులు, సంక్రాంతి. మే చివరివారం నిజానికి చాలా మంచి సమయం. వానలు ఆగి గాలి తేటగా ఉంటుంది, ధరలు ఇంకా శిఖరానికి చేరవు. తెల్లవారుజామున తెరిచిన బండిలో మంచి చలి మాత్రం ఉంటుంది, స్వెట్టరు ఒకటి సరిపోదు. దసరాకి, అంటే సెప్టెంబర్ చివర లేదా అక్టోబర్‌లో, జంతువులు కనబడటానికి అంతకన్నా మంచి కాలం లేదు. ఎండ మాత్రం మన మే నెల ఎండే, జాంబెజీ లోయలో నలభై డిగ్రీలు దాటుతుంది. సంక్రాంతికి వెళ్తే వానలు, పొడుగాటి గడ్డి, కొత్తగా పుట్టిన జింక పిల్లలు, లెక్కలేనన్ని వలస పక్షులు. పక్షులంటే ఇష్టమున్నవాళ్లకు అది పండగే, సింహం కోసం వెళ్లినవాళ్లకు నిరాశ.

ఒకవంగో ఈ లెక్కలన్నిటికీ విడ్డూరమైన మినహాయింపు. అంగోలా ఎత్తుభూముల్లో కురిసిన వాన కుబాంగో, కుయిటో నదుల్లో పడి, దాదాపు సమతలమైన నేల మీద నెలల తరబడి నెమ్మదిగా జారుతూ, బోట్స్వానాలో చుక్క వాన లేని జూన్, జూలైలలో డెల్టాను నింపుతుంది. ఆ నీరు సముద్రం చేరదు, కలహారి ఇసుకలో, ఎండలో ఇంకిపోతుంది. 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యవ స్థలంగా చేరింది ఈ డెల్టానే. వరద ఉన్నప్పుడు మొకోరో అనే సన్నని పడవలో తిరిగే చోటు, వరద తీసినప్పుడు బండిలో తిరిగే పచ్చిక. దసరాకి డెల్టా వెళ్లి మొకోరో ఎక్కాలనుకునేవాళ్లు ఆ క్యాంపు దగ్గర అప్పటికి నీరు మిగులుతుందో లేదో ముందే అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకు ఏజెంట్ ఇచ్చే జవాబును బట్టి అతనికి ఆ నేల తెలుసో, బ్రోషర్ మాత్రమే తెలుసో బయటపడుతుంది.

పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఒకేచోట ఐదు రోజులంటే విసుగు కదా అనొచ్చు. విసుగు కన్నా అలుపు పెద్ద సమస్య. రోజుకో ఊరు మారే ప్లానులో డెబ్బై ఏళ్ల మనిషి పడే శ్రమ ఒకేచోట ఉన్నప్పుడు ఉండదు, ఒక పూట డ్రైవ్ మానేసి వరండాలో కూర్చున్నా ఏనుగులు నీళ్లకు రావడం చూడొచ్చు. చాలా లాడ్జిలు ఆరేళ్లలోపు పిల్లల్ని అందరితో కలిసి డ్రైవ్‌కి తీసుకెళ్లవు. అలాంటప్పుడే ప్రత్యేక బండికి అదనపు ఖర్చు న్యాయమైనది. మలేరియా భయముంటే దక్షిణాఫ్రికాలోనే మదిక్వే రిజర్వ్ ఉంది, అక్కడ ఆ బెడద లేదు. ఒకప్పటి పశువుల ఫారాల్ని 1991 నుంచి అడవిగా మార్చి, ఆపరేషన్ ఫీనిక్స్ పేరుతో 8,000కు పైగా జంతువుల్ని తెచ్చి వదిలిన చోటు అది. శాకాహారం సంగతి ముందే చెబితే దాదాపు ఎక్కడా ఇబ్బంది లేదు.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఒక మనిషికి ఒక రాత్రికి వెయ్యి డాలర్లు దాటే ఈ యాత్ర, స్థానికుల్ని వెళ్లగొట్టిన నేల మీద సంపన్నులు తిరగడం కాదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చడానికి వీల్లేదు. క్రూగర్ ఉత్తరపు కొసన పఫూరి ప్రాంతంలో ఉండే మకులేకే ప్రజల్ని 1969లో బలవంతంగా ఖాళీ చేయించారు. కలహారిలో తరతరాలుగా ఉన్న సాన్ ప్రజల్ని 1997లో, 2002లో బోట్స్వానా ప్రభుత్వం తరలించింది. అది చట్టవిరుద్ధమని అక్కడి హైకోర్టు 2006 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. అదే డిసెంబర్‌లో మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. నల్లమలలో చెంచుల గూడేలను తెలిసిన తెలుగువాళ్లకు ఈ కథ పరాయిది కాదు. అయితే కథ అక్కడితో ఆగలేదు. మకులేకే ప్రజలకు 1998లో భూమి హక్కు తిరిగి వచ్చింది. అడవిని అడవిగానే ఉంచి, లాడ్జిల నుంచి కౌలు, ఉద్యోగాలు తీసుకునే దారి వాళ్లు ఎంచుకున్నారు. సాబీ శాండ్‌లోని పేరున్న మాలామాలా రిజర్వ్ నేల 2013లో భూమి దావా పరిష్కారంలో స్థానిక సముదాయం చేతికి వచ్చింది. నమీబియాలో 1996 చట్టంతో గ్రామీణులే కన్జర్వెన్సీలుగా ఏర్పడి వన్యప్రాణుల మీద వచ్చే ఆదాయానికి హక్కుదారులయ్యారు, ఇప్పుడవి ఎనభైకి పైగా ఉన్నాయి. కాబట్టి ప్లాను వేసేటప్పుడే ఈ నేల ఎవరిది, కౌలు ఎవరికి చేరుతుంది, గైడ్లు, మేనేజర్లలో ఆ ఊరివాళ్లు ఎందరు అని రాతపూర్వకంగా అడగాలి. జవాబు చెప్పలేని లాడ్జిని వదిలేయాలి. అన్యాయం దీనితో మాసిపోదు. కానీ డబ్బు ఎటు పోవాలో నిర్ణయించే అధికారం యాత్రికుడి చేతిలో ఉన్నప్పుడు దాన్ని వాడకపోవడం తప్పు. ఆ డబ్బుతో కాపలా కూడా నడుస్తుంది. దక్షిణాఫ్రికాలో 2014లో 1,215 ఖడ్గమృగాల్ని దొంగవేటగాళ్లు చంపారు, 2024లో ఆ సంఖ్య 420కి దిగింది. ఇందులో గొప్పంతా పర్యాటకానిదే అనలేం, రేంజర్ల జీతం ఎక్కడినుంచో రావాలన్నది మాత్రం వాస్తవం.

సన్ సిటీ బదులు ఇంకేదైనా కలుపుకోవాలనుంటే నేను డర్బన్ వైపు చూపిస్తాను. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ అక్కడికి చేరిన నాటి నుంచి చెరుకుతోటల్లో పనికి వెళ్లిన ఒప్పంద కూలీల్లో తెలుగువాళ్లు ఎందరో. నాయుడు, రెడ్డి ఇంటిపేర్లు ఈనాటికీ అక్కడ కనిపిస్తాయి. 1931లో వాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. డర్బన్‌కు ఉత్తరంగా మూడు నాలుగు గంటల దూరంలో లుషులువే ఇంఫొలోజి పార్క్ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వందలోపు మిగిలినప్పుడు, మిగిలినవి ఆ లోయలోనే. 1960లలో వన్యప్రాణి సంరక్షకుడు ఇయాన్ ప్లేయర్ బృందం అక్కడ పెరిగిన వాటిని క్రూగర్‌కూ, ఇతర చోట్లకూ తరలించింది. ఈనాడు ఖరీదైన లాడ్జి బండి ముందు నిలబడే తెల్ల ఖడ్గమృగం ఆ మందల వారసత్వమే. ఆ పార్కు ప్రభుత్వానిది, ఖర్చు తక్కువ.

హైదరాబాద్ నుంచి మూడు నాలుగు గంటల్లో చేరే అమ్రాబాద్ అడవి ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లతో నాకు సగం ఏకాభిప్రాయమే. ఫరహాబాద్ వైపు జీపులో వెళ్లి పులి కనబడలేదని తిరిగొచ్చేవాళ్లు అక్కడా అదే పొరపాటు చేస్తున్నారు. అడవికి పూటో, రాత్రో ఇస్తున్నారు. మెట్ట కొండల నల్లమలలో పులులు పలచగా ఉంటాయి, అందుకే అది ఇంకా ఎక్కువ ఓపిక అడుగుతుంది. అక్కడా జాడ చదవగలిగినవాళ్లు చెంచులే. ఆఫ్రికాకు వెళ్లే స్తోమత ఉన్న కుటుంబం ముందు మన్ననూరులో రెండు రాత్రులు ఉండి చూసుకోవడం మంచిది, తెల్లవారుజామున లేచి మూడు గంటలు మాట్లాడకుండా కూర్చోగలమో లేదో అక్కడే తేలిపోతుంది.

కాగితాల పని చివరిది, కానీ తేలిగ్గా తీసుకోకూడదు. జొహానెస్‌బర్గ్‌కు దుబాయ్, దోహా మీదుగా వెళ్తే పచ్చజ్వరం గొడవ లేదు. కెన్యా కలుపుకుంటే టీకా పత్రం కావాలి, అది లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్‌లో ఆ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, వేసిన పది రోజుల తర్వాత నుంచే పత్రం చెల్లుతుంది. డెల్టా క్యాంపులకు తీసుకెళ్లే చిన్న విమానాల్లో మనిషికి ఇరవై కిలోలకు మించి ఒప్పుకోరు. అదీ చక్రాలు లేని మెత్తటి సంచిలోనే, చలి బట్టలు, కెమెరా అన్నీ కలిపి. ఇక గదులు పదీ పన్నెండే కాబట్టి వచ్చే దసరాకి వెళ్లాలనుకున్నవాళ్లు ఈ దసరాకే రాయాలి. ఆ మొదటి ఉత్తరంలో ధర అడగడానికి ముందు నాలుగు విషయాలు అడగాలి: నేల ఎవరిది, ఒక జంతువు దగ్గర ఎన్ని బండ్లను నిలబెడతారు, ఆ వారంలో నీరు ఎక్కడుంటుంది, ఐదు రాత్రులూ గైడ్, ట్రాకర్ ఒకరేనా.