మిద్దెను కొలిచే పిల్లలు

టేపు పట్టుకుని మట్టిమిద్దెలోకి అడుగుపెట్టిన ఆర్కిటెక్చర్ విద్యార్థికి పది నిమిషాల్లో ఒక సంగతి తెలిసొస్తుంది. ఆ ఇంట్లో ఏ మూలా మూలమట్టానికి కుదరదు. పడసాల ఒక పక్క పదకొండు అడుగులుంటే ఎదుటి పక్క పదిన్నరే ఉంటుంది. గోడ అడుగున లావుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. నేల వాకిలి వైపు కాస్త వాలుగా ఉంటుంది. స్టూడియోలో రాత్రంతా మేలుకుని నేర్చుకున్న తిన్నని గీతలు ఇక్కడ అక్కరకు రావు. కట్టినవాడు ఎక్కడ వంగాడో గీసేవాడూ అక్కడే వంగాలి.

ఈ పనిని వాళ్ల చదువులో మెజర్డ్ డ్రాయింగ్ అంటారు. ఉన్న కట్టడాన్ని ఉన్నట్టుగా కొలిచి కాగితం మీదికి తేవడం. ఐదేళ్ల బి.ఆర్క్ చదువులో కొత్త డిజైన్లకు, మోడళ్లకు, జ్యూరీ ముందు చేసే వాదనలకు దక్కినంత పేరు దీనికి దక్కదు. అయినా ఆ చదువులో అన్నిటికన్నా సృజన ఉన్న పని ఇదేనని నా నమ్మకం. దేశంలోని ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం ‘నాసా’ 1957లో పుట్టింది. అది ఏటా పెట్టే పోటీల్లో ఇలాంటి చిత్రణకంటూ ఒక ట్రోఫీ ఉంది. అహ్మదాబాద్ ఐఐఎం భవనాలకు రూపమిచ్చిన లూయీ కాన్ పేరు దానికి పెట్టారు. కొత్తది కట్టి పేరు తెచ్చుకున్న మనిషి పేరు, పాతదాన్ని శ్రద్ధగా గీసిన పిల్లల చేతికి బహుమతిగా అందడం నాకు నచ్చుతుంది.

పని తీరు చెప్పాలి. ముందు టేపు తీయరు. ఇల్లంతా ఒకసారి తిరిగి, చేతికి వచ్చినట్టు ఒక బొమ్మ గీసుకుంటారు. గదులు, వాకిళ్లు, గూళ్లు, స్తంభాలు ఎక్కడెక్కడున్నాయో తెలిస్తే చాలు. తర్వాత ముగ్గురు కావాలి. ఒకరు టేపు కొస పట్టాలి, ఒకరు అంకె చదవాలి, ఒకరు రాసుకోవాలి. రాసేవాళ్లు అంకెను గట్టిగా తిరిగి చెప్పకపోతే సాయంత్రానికి సిక్స్‌టీన్ కాస్తా సిక్స్‌టీ అవుతుంది. ఒక్కో ముక్కనూ విడిగా కొలిచి కూడితే చిన్న చిన్న తప్పులు చేరి చివరికి జానెడు తేడా వస్తుంది. అందుకే సున్నాను గోడ మూలలో ఆనించి, టేపును కదపకుండా గోడ పొడవునా సాగదీసి, వాకిలి మొదలు ఎంత, వాకిలి చివర ఎంత, గూడు ఎంత అని ఒకే వరసలో చదువుకుంటూ పోతారు.

వంకర గదిని పట్టుకోవడానికి ఉపాయం త్రిభుజం. నాలుగు గోడలు కొలిస్తే సరిపోదు, అవే కొలతలతో గది ఎటు పక్కకైనా ఒరగగలదు. ఎదురెదురు మూలల మధ్య దారం లాగి ఆ కొలత కూడా రాసుకుంటే ఇక అది ఎటూ కదలదు. ఎత్తులకు నేలను నమ్మరు. నీళ్లు నింపిన సన్నగొట్టంతో గోడల చుట్టూ ఒకే మట్టంలో సుద్దగీత గీసి, అక్కడి నుంచి కిందికీ పైకీ కొలుస్తారు. గోడ ఎంత ఒరిగిందో తూకం గుండు చెబుతుంది. ఇవన్నీ మేస్త్రీల పనిముట్లే. మేస్త్రీ వాటితో కడతాడు, విద్యార్థి అవే పనిముట్లతో మేస్త్రీ చేసినదాన్ని చదువుతాడు.

ప్లాను, ఎలివేషను ఎలాగో వస్తాయి. మిద్దె తన గుట్టు విప్పేది సెక్షన్‌లోనే, అంటే ఇంటిని పుచ్చకాయలా నిలువునా కోస్తే లోపల ఎలా కనిపిస్తుందో ఆ బొమ్మలో. కడప, కర్నూలు పల్లెల్లో పాత మిద్దెను అలా కోసి గీస్తే ముందు కనిపించేవి రాయీ బురదా కలిపి కట్టిన లావాటి గోడలు. వాటి మీద, నడుమ చెక్క స్తంభాల మీద దూలాలు. దూలాలకు అడ్డంగా దంతెలు. దంతెల మీద ఊరిని బట్టి నాపబండలో, కట్టెలో. ఆపైన మట్టి జారకుండా ఆకూ అలమో. ఆపైన తొక్కి చదును చేసిన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు మన్ను.

చౌడు దగ్గర కాస్త ఆగాలి. పొలంలో చౌడు తేలిందంటే రైతు తల పట్టుకుంటాడు. పైరు మొలవదు, వాన పడితే నీళ్లు ఇంకవు. ఆ ఇంకకపోవడమే మిద్దెకు కావాలి. చౌడులో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి ఉబ్బి, సందుల్లోకి చేరి వాటిని పూడ్చేస్తాయి. మొదటి జల్లుకే పైపొర మూసుకుపోయి, మిగతా నీళ్లు వాలు వెంట తూము వైపు జారిపోతాయి. ఎందుకూ పనికిరాని నేలను బండికెత్తి తోలుకొచ్చి నెత్తిన పెట్టుకుని, దాన్నే గొడుగు చేసుకున్నారు మన పెద్దలు. తొలకరికి ముందు మిద్దెక్కి, గడ్డి పీకి, పగుళ్లు చూసి, కొత్త చౌడు చల్లడం ఏటా ఇంటిల్లిపాదికీ పని. మా జేజి ఆ పనికి పిల్లలందరినీ పైకి ఎక్కించేది. మేం ఎగురుతుంటే మట్టి అణిగేది. ఆటకు పంపిందనుకున్నాం గానీ, పనికి పంపిందని చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

ఈ కప్పు ఇక్కడే ఎందుకు కుదిరిందో వానలెక్క చెబుతుంది. ఈ సీమలో ఏడాదంతా కలిపి కురిసేది 600, 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఎండ మాత్రం వేసవిలో 40 డిగ్రీలు దాటి రోజుల తరబడి దిగిరాదు. నీళ్లను గబగబా దించే ఏటవాలు కప్పు కన్నా, ఎండను లోపలికి రానీయని మందపాటి కప్పు ఇక్కడ అవసరం. మధ్యాహ్నపు వేడి మందపాటి మట్టిలోంచి నెమ్మదిగా దిగి లోపలికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. అప్పటికి మనుషులు దుప్పట్లతో మిద్దె పైకి ఎక్కేసి ఉంటారు. పగలు అదే మిద్దె మీద మిరపకాయలు, కందులు, వేరుశనగ ఎండుతాయి. ఒక్క కప్పు కళ్లమూ పడకగదీ కూడా అయింది. అయితే దీని బలహీనతనూ గీయాలి. పట్టిన ముసురు వారం విడవకపోతే మట్టి నానుతుంది. ఏళ్ల తరబడి పాతదాన్ని తీయకుండా కొత్త మన్ను వేసుకుంటూ పోతే, ఆ బరువుకు చెదలు తిన్న దూలం విరుగుతుంది. మిద్దె కూలి మనుషులు పోయిన ఇళ్లు ఈ జిల్లాల్లో ఉన్నాయి. దూలం ఎక్కడ వంగిందో సెక్షన్‌లో కొలతతో సహా చూపించని డ్రాయింగ్ ఎంత అందంగా ఉన్నా అబద్ధమే.

ఇక నాపరాయి. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల బెలుం గుహలను నీళ్లు తొలిచింది కూడా సున్నపురాయిలోనే. బేతంచెర్ల చుట్టుపక్కల గనుల్లో పొర సందున గడ్డపార దూర్చి ఎత్తితే పలకగా లేస్తుంది. ముంబైలో, పుణెలో వంటగట్టుకు వేసే నల్లరాయిని అక్కడి జనం ‘కడప్పా’ అనే పిలుస్తారు. ఊరు చూడని వాళ్ల నోట కూడా ఊరి పేరు నానుతోంది. ఇక్కడైతే ఆ బండ నేలగా పరుచుకుంటుంది, కప్పుగా పడుకుంటుంది, గూటిలో అరగా ఇముడుతుంది, చేను గట్టున నిలబడి కంచె అవుతుంది.

రాయి అణిచే బరువును ఓర్చుకుంటుంది గానీ వంగడాన్ని ఓర్చుకోదు. ఎడం ఎక్కువైతే నడుమ పగులుతుంది. కాబట్టి దంతెల మధ్య దూరాన్ని బండ పొడవు, గది వెడల్పును దూలం పొడవు నిర్ణయిస్తాయి. ఒక ఊళ్లో పది ఇళ్లు కొలిచిన విద్యార్థుల నోట్సు పక్కపక్కన పెడితే అవే అంకెలు మళ్లీ మళ్లీ పలుకుతుంటాయి. ఏ పుస్తకమూ రాయని కొలమానం అది. గనిలోంచి ఏ పొడవు బండ తేలిగ్గా వస్తుందో అదే ఊరి కొలత. క్లాసులో మాడ్యూల్ అనే మాటకు అర్థం ఎన్నిసార్లు చెప్పినా, ఇలా తెలిసినంత బాగా తెలియదు.

2020లో కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఏర్పడింది. ఇల్లు కట్టే విద్యనూ బొమ్మ గీసే విద్యనూ ఒకే గొడుగు కిందికి తెచ్చిన విశ్వవిద్యాలయం ఈ కరువుసీమకు రావడం చిన్న విషయం కాదు. అదే ఏడాది అదే జిల్లాలో గండికోట జలాశయం నీళ్లు పైకి లేచి తాళ్ల ప్రొద్దుటూరును ముంచాయి. ఈ రెండు సంగతులనూ నేను విడదీసి చూడలేను. నీళ్లు కావాలి, ఆ మాటలో రెండో అభిప్రాయం లేదు. కానీ మునిగిన ఊళ్లో ఎన్ని మిద్దెలకు సెక్షన్ గీశాం?

గుళ్ల విషయంలో మనకు ఆ జాగ్రత్త ఉంది. శ్రీశైలం జలాశయం కింద మునగబోయిన ఆలయాలను రాయి రాయికీ అంకె వేసి, విప్పి, వేరేచోట మళ్లీ కట్టుకున్నారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురం చేరాడు, రూపాల సంగమేశ్వరుడు కర్నూలు పక్కన జగన్నాథ గట్టెక్కాడు. రాళ్ల వరస తప్పకుండా కాగితం కాపాడింది. ఆ గుళ్ల చుట్టూ ఉన్న ఇళ్లకు మాత్రం వెల కట్టారు గానీ బొమ్మ గీయలేదు. నష్టపరిహారం పట్టికలో గదుల లెక్క ఉంటుంది. ఏ కిటికీ లోంచి పొద్దు ఎటు పడేదో ఉండదు.

విద్యార్థుల్లో ఈ గీసే పని రెండు రకాలుగా పండుతుంది. కొందరు మిద్దెను చూసి మిద్దెనే మళ్లీ కడదామంటారు. ఈజిప్టులో హసన్ ఫతీ 1940లలో కొత్త గుర్నా గ్రామాన్ని మట్టి ఇటుకలతో, నూబియా మేస్త్రీల చేతిపనితో కట్టించాడు. కట్టడం అద్భుతం, కానీ ఎవరికోసం కట్టాడో వాళ్లు చాలామంది అక్కడికి రావడానికి ఇష్టపడలేదు. ఆ కథ ప్రతి స్టూడియోలో చెప్పాలి. మన పల్లెల్లో సిమెంటు స్లాబు అంటే ఏటేటా చౌడు తోలే బాధ తప్పడం, పెళ్లి సంబంధాల్లో తల ఎత్తుకోగలగడం. దాన్ని తప్పుపట్టే హక్కు టేపు పట్టుకు వచ్చినవాళ్లకు లేదు. రెండో రకం పిల్లలు వేరే ప్రశ్న వేస్తారు: ఈ స్లాబు ఇంటికి మిద్దె నుంచి ఏం తేగలం? పైకప్పు మీద ఎండ సోకకుండా బండలు ఎత్తి పరిస్తే? పడమటి గోడ ఒక్కటైనా రాతితో లావుగా పెడితే? అమెరికాలో అలబామా రాష్ట్రపు ఆబర్న్ విశ్వవిద్యాలయం 1993 నుంచి రూరల్ స్టూడియో పేరుతో విద్యార్థుల చేత పేదవాళ్లకు నిజమైన ఇళ్లు కట్టిస్తోంది. నాపరాయి చేతికందే చోట మన పిల్లల ప్రాజెక్టులు అట్ట మోడళ్ల దగ్గరే ఆగిపోనక్కర్లేదు.

జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో ఇలాంటి ఒక బృందంతో రోజంతా ఉన్నాను. సాయంత్రం వాళ్లు ఇంటి పెద్దావిడకు ప్లాను చూపించారు. ముందు ఏది ఎటో అర్థం కాలేదు ఆమెకు. వాకిలి ఇదీ అని చూపించాక వేలితో కాగితం మీద మెల్లగా లోపలికి నడిచింది. పడసాల దాటింది, పొయ్యి దాటింది, వెనకగదిలో ఆగింది.

“పాతర యాడ గీసినావు నాయనా?”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జొన్నలు దాచిన పాతర నోరు మంచం కింద బండతో మూసి ఉందని ఎవరికీ తెలియదు. మంచం పక్కకు జరిగింది. టేపు మళ్లీ బయటికొచ్చింది.