అక్షరాభ్యాసము - అభ్యసన వైకల్యము

తెలుగు పలికినట్లు వ్రాయబడును, వ్రాసినట్లు చదువబడును అని మన పాఠ్యగ్రంథములు తరతరములుగా చెప్పుచున్నవి. ఈ మాట చాలవఱకు సత్యమే. అయితే దానినుండి పాఠశాలలలో ఒక అపసిద్ధాంతము పుట్టినది. ఇంత సుగమమైన లిపిని పట్టుకొనలేనివాడు సోమరియో మందమతియో అయి యుండవలెనట! మా దృష్టిలో ఈ తీర్పునకు శాస్త్రాధారము లేదు.

1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు 14 ఏండ్ల బాలుని గూర్చి వ్రాసెను. బాలుడు తెలివిగలవాడు, ఆటలలో తోడివారికి తీసిపోడు. అయినను చిన్న మాటలను సైతము చదువలేడు. చదువంతయు నోటిమాటగా సాగినచో బడిలో ఇతడే మేటి యగునని ఉపాధ్యాయుడు చెప్పెనట. పెద్దలలో గానవచ్చిన పఠనలోపమునకు జర్మను నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 1887లోనే డిస్లెక్సియా అని పేరు పెట్టియుండెను. మనవారు నేడు ఇట్టివానిని అభ్యసన వైకల్యములలో చేర్చుచున్నారు. మాటలోని ధ్వనులను విడదీసి గుర్తులతో ముడివేయుటలో కలుగు ఇబ్బంది యిది. దీనినిబట్టి బుద్ధిని కొలువరాదు.

ఆంగ్లమున వర్ణక్రమము అస్తవ్యస్తము గనుక ఈ చిక్కు అక్కడిదే యను వాదము తఱచు వినబడును. లిపి క్రమబద్ధమైనచోట ఇట్టి పిల్లలు తప్పులు తక్కువ చేయుదురనుట నిజము. కాని చదువు నత్తనడక నడచును. కూడబలుకుకొనుటలోనే శక్తి ఖర్చగుటచే వాక్యాంతమునకు వచ్చునప్పటికి మొదటి మాట మఱచిపోదురు. మఱి మన లిపి బరువు వేఱు. అచ్చుగుర్తు హల్లునకు పైన, ప్రక్కన, క్రింద చేరును. ఐత్వము రెండుచోట్ల నిలుచును. ప, వ, ష, ఫలు చిన్న గీతలతోనే వేఱుపడును. ‘కర్త’లో ముందు పలుకు రేఫము పైన నిలుచును, ‘చక్రము’లో వెనుక పలుకు రేఫము క్రిందికి పోవును. మన సోదరలిపియైన కన్నడమున నాలుగైదు తరగతుల వఱకును అక్షరాభ్యాసము సాగుచునే యుండునని సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన చూపినది. తెలుగు పిల్లల పఠనముపై దుగ్గిరాల వసంత చేసిన పరిశీలనలు భాషాశాస్త్ర విద్యార్థులకు పరిచితములే.

ఇక రేనాటి మాట. సింహాద్రిపురము, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతము పూర్వపు రేనాడు. తొలి తెలుగు శాసనముగా పెక్కుమంది యెంచు కలమళ్ళ శాసనము ఈ సీమదే. ఇచ్చటి పిల్లవాడు ఇంట ‘వచ్చాండాడు’ అనును, పుస్తకము ‘వస్తున్నాడు’ అనును. వాడు విన్నది విన్నట్లు ‘వచ్చాండాడు’ అని వ్రాసినచో వాని చెవియు చేయియు చక్కగా పనిచేయుచున్నవన్నమాట. వేఱొకడు ఒత్తును, సున్నను విడిచి ‘వచాడాడు’ అని వ్రాయును. నెలలు గడచినను ప్రతి మాటలోను అదే వరుస. ఎఱ్ఱసిరా ఇరువురిపైనను ఒక్కతీరుగనే పడును! మొదటివానికి కావలసినది ప్రమాణభాషా పరిచయము, రెండవవానికి ప్రత్యేక శిక్షణ. మాండలికము నెఱుగని పరీక్షకుడు మొదటివానిని వికలునిగా లెక్కించును. అంతా యాసయే యని సరిపెట్టుకొను ఉపాధ్యాయుడు రెండవవానిని గాలికి వదలును. రెండవది మఱింత హానికరమని మేము తలంతుము, ఏలయన ఆ బిడ్డ సాధారణముగా బడి మానివేయుటతోనే కథ ముగియును.

చికిత్స విషయమున ఒక విశేషము గమనింపదగినది. ఆర్టన్, గిల్లింగ్‌హామ్‌లు 1930 ప్రాంతమున అమెరికాలో రూపొందించిన పద్ధతి కంటితో చూచుట, నోటితో పలుకుట, చేతితో దిద్దుట అను మూటిని ఒక్కసారిగా నడపును. మన వీధిబడిలో ఇసుకమీద వ్రేలితో ఓనమాలు దిద్దుచు పైకి పలుకుట ఇంచుమించు ఇదియే. ఇంతమాత్రమున వీధిబడిని ఆకాశమున కెత్తవలసిన పని లేదు. అచ్చట 56 అక్షరములును, గుణింతములును వల్లె వేసిన పిమ్మటగాని మాట రాదు. రానివానికి కోదండము సిద్ధము. గిల్లింగ్‌హామ్ పద్ధతిలో కొలది గుర్తులు నేర్పగానే వానితో మాటలు కట్టుదురు, అవి స్థిరపడిన తరువాతనే క్రొత్తవి. తెలుగునకు అట్టి క్రమమును ఏర్పఱచుట, అనగా ఏ ఒత్తు ముందు, ఏది వెనుక యని నిర్ణయించుట, అనువాదముతో తీరునది కాదు. అది తెలుగు ఆచార్యుని పని.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యములను తన జాబితాలో చేర్చినది. మండలములలో భవిత కేంద్రములును వెలసినవి. కాని చట్టము పరీక్షలో అదనపు సమయము నీయగలదే గాని, ‘వచ్చాండాడు’కును ‘వచాడాడు’కును భేదమును చెప్పజాలదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశమునకై ఊరూర తిరిగి మాటలు సేకరించిరి. అదేవిధముగా మూడు, నాలుగు తరగతుల పిల్లల వ్రాతప్రతులను సేకరించి, మాండలిక రూపములనొకవైపు, లిపిదోషములనొకవైపు వింగడించి పట్టిక వేయవచ్చును. రేనాటి నాలుగు మండలములతో ఆరంభించినచో ఒక పరిశోధకునకు మూడేండ్ల పని.