నిలువ నీడయు, నిలుచు చోటును: ‘మేఘే ఢాకా తారా’ చిత్రవిమర్శ

శరణార్థులను గూర్చి మాటాడునపుడు మనము సాధారణముగా అన్నమును, వస్త్రమును, గుడిసెను మాత్రమే తలంచెదము. ఆకలిగొన్నవానికి పిడికెడన్నము పెట్టుట ధర్మమనుటలో ఎవ్వరికిని సందేహము లేదు. కాని ఊరు విడిచి, పొలము విడిచి, పేరుప్రతిష్ఠలు విడిచి వచ్చిన కుటుంబము రెండవ దినమునుండి కోరునది అన్నము కాదు. అన్నము సంపాదించుకొను దారి. ఆ దారి చూపినంతనే మన పని ముగిసినట్లా? ఇంటిలో ఒకరికి ఉద్యోగము దొరికినచో ఆ కుటుంబము సంఘమున కలిసిపోయినట్లేనా? ఈ ప్రశ్నను మొగమాటము లేక అడిగిన కృతులలో ముఖ్యమైనది గ్రంథము కాదు, చలనచిత్రము. అది 1960వ సంవత్సరమున వెలువడిన ఋత్విక్ ఘటక్ గారి ‘మేఘే ఢాకా తారా’ యను వంగభాషాచిత్రము. మబ్బు కప్పిన చుక్క యని దాని యర్థము.

ఘటక్ గారు 1925లో ఢాకా నగరమున జన్మించిరి. దేశవిభజనముచే తాము పుట్టిన నేల పరదేశమైపోవుట చూచినవారు. శక్తిపద రాజగురు గారి నవలను ఆధారముగా గొని ఈ చిత్రమును నిర్మించిరి. దీని వెంట ‘కోమల్ గాంధార్’ (1961), ‘సువర్ణరేఖ’ (1965) వెలువడినవి. మూడింటను విభజనపు గాయమే వస్తువు. అయినను మొదటి చిత్రమున దేశవిభజనమను మాట పెద్దగా వినబడదు. రాజకీయోపన్యాసములు లేవు, నాయకులు లేరు. కలకత్తా శివార్లలోని ఒక శరణార్థి కాలనీ, అందులో ఒక యిల్లు, ఆ యింటిలో ఒక ఆడుపిల్ల. అంతమాత్రమే.

ఆ పిల్ల పేరు నీత. తండ్రి బడిపంతులు. అన్న శంకరుడు సంగీతసాధకుడు, సంపాదన లేనివాడు. చెల్లెలు గీత, తమ్ముడు మంటూ చిన్నవారు. నీత కళాశాలలో చదువుచు, పిల్లలకు చదువు చెప్పి నాలుగు రూపాయలు తెచ్చుచుండును. చిత్రారంభముననే ఆమె నడచుచుండగా చెప్పు వారు తెగిపోవును. క్రొత్త చెప్పులు కొనవలసిన డబ్బు ఆమె చేతిలో నుండగనే చెల్లెలికి చీర కావలెను, తమ్మునికి ఆట బూట్లు కావలెను, అన్నకు క్షౌరమునకు చిల్లర కావలెను. అందఱకు పంచిన పిదప ఆమెకు మిగులునది తల్లి మందలింపు. తండ్రి ప్రమాదమునకు లోనై మంచమెక్కగనే ఆమె చదువు మాని ఉద్యోగమున చేరును. ఆమెను ప్రేమించిన సనత్ గీతను పెండ్లాడును. తమ్ముడు కర్మాగారమున పనికి కుదిరి, యంత్రమువలన గాయపడును. అన్న ఇల్లు విడిచి బొంబాయి పోయి ప్రసిద్ధ గాయకుడగును. ఇంటివారందఱు నిలద్రొక్కుకొనుచుండగా నీతకు క్షయ పట్టును. ఆ సంగతి దాచి, బయటి గదిలో తానొక్కతె పడియుండును. తుదకు అన్న ఆమెను షిల్లాంగు కొండలలోని చికిత్సాలయమునకు చేర్చును.

ఈ కథను కంటతడి పెట్టించు కుటుంబగాథగా మాత్రము చూచుట పొరపాటు. దీనిని ఒక జమాఖర్చు పుస్తకమువలె చదువవలెను. వచ్చిన ప్రతి రూపాయ ఏ చేతినుండి ఏ చేతికి పోవుచున్నదో దర్శకుడు ఓపికతో చూపినాడు. నీత పెండ్లి యాడినచో ఇంటికి జీతము రాదు. కావున తల్లి గీతవైపు మొగ్గును. పాలిచ్చు ఆవును అమ్ముకొనువాడెవడు? తల్లి క్రూరురాలని తిట్టుట సులభము. కాని అంగడివాని బాకీ తీర్చవలసినది ఆ తల్లియే. ప్రొయ్యి మీద ఎసరు పెట్టవలసినది ఆ తల్లియే. ఆమె దుర్మార్గమునకు వెనుక లేమి యున్నదని దర్శకుడు ఎఱుగును. నీత మనసు విఱిగిన వేళ వెనుకనుండి కొరడా దెబ్బవంటి ధ్వని వినిపించుటలో ఆయన యుద్దేశము స్పష్టము. కొట్టినది ఒక మనిషి కాదు. తండ్రి వ్రేలెత్తి నిందించునపుడు కూడ నింద ఎవరిమీదనో ఎవ్వరును చెప్పజాలరు.

దర్శకుడు చెప్పక విడిచిన దానిని చరిత్ర చెప్పును. 1951 జనాభా లెక్కలనాటికి భారతదేశమున విభజనవలన చేరినవారు డెబ్బది లక్షలకు పైబడి యుండిరి. పశ్చిమమునుండి వచ్చినవారిని ఒక తీరుగను, తూర్పునుండి వచ్చినవారిని మఱియొక తీరుగను ప్రభుత్వము చూచెను. పంజాబునందు ప్రజలు ఇరువైపుల నుండియు ఒకమారే తరలిపోవుటచే, విడిచిపోయిన ఇండ్లును పొలములును వచ్చినవారికి పంచుటకు వీలాయెను. పోగొట్టుకొన్న ఆస్తికి పరిహారమిచ్చుటకు 1954లో చట్టము చేయబడెను. అది పశ్చిమమువారికి మాత్రమే. తూర్పు బెంగాలువారు తిరిగి తమ యిండ్లకు పోవుదురని 1950 ఏప్రిలునాటి నెహ్రూ, లియాఖత్ ఒడంబడిక ఆశించెను. వారు పోలేదు, ఇంకను వచ్చుచునే యుండిరి. తిరిగిపోవునని తలచిన అతిథికి ఇల్లు కట్టి ఇచ్చువాడెవడు? కావున వారికి దక్కినది ఎక్కువగా తాత్కాలిక సహాయమే. 1958లో ఆరంభమైన దండకారణ్య పథకము నదీతీరపు రైతులను మెట్టనేలలకు, రాతినేలలకు పంపెను. అచ్చట నిలువలేక తిరిగి వచ్చి సుందరవనములలోని మరిచ్ ఝాఁపి దీవిలో కాపురముండినవారిని 1979లో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము బలప్రయోగముతో వెడలగొట్టెను.

దీనికి ప్రతిగా ఫరీదాబాదును చూడుడు. వాయవ్య సరిహద్దు ప్రాంతమునుండి వచ్చినవారికై 1949లో అచ్చట నగరనిర్మాణ మారంభమయ్యెను. గుడారములలో కూర్చుండి భిక్ష తినుటకు మాఱుగా వారు సహకారసంఘములుగా నేర్పడి, తమ యిండ్లను తామే కట్టి, ఆ పనికి కూలి గైకొనిరి. కమలాదేవీ చట్టోపాధ్యాయ గారి ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ ఇందులకు తోడ్పడెను. తాపీపని తెలియనివాడు నేర్చుకొనెను. ఇట నేర్వదగిన విషయమిది: పని దొరకుట యొక్కటియే కాదు, పని భారమును ఫలమును నలుగురు పంచుకొనుట. ఫరీదాబాదున ఒక ఊరు మోసిన బరువును నీత యింటిలో ఒక పిల్ల మోసినది. తేడా అంతయు అందున్నది.

సంఘసంస్కారమును కోరు చదువరులకు ఈ చిత్రము కొంత ఇబ్బంది కలిగించును, కలిగింపవలెను. స్త్రీ చదివి ఉద్యోగము చేసినచో స్వతంత్రురాలగునని మనము దీర్ఘకాలముగా చెప్పుచున్నాము. బెంగాలు శరణార్థి కుటుంబములలోని స్త్రీలు వేలకొలది గడప దాటి పాఠశాలలలోను, కార్యాలయములలోను, ఇంటింటి అమ్మకములలోను పనికి చేరిరి. శతాబ్ది ప్రబోధములు చేయజాలని పనిని ఆకలి కొలదియేండ్లలో చేసెను. మంచిదే. కాని నీత గడప దాటినది తన కొఱకు కాదు. జీతము ఆమెదే, దానిపై అధికారము ఆమెది కాదు. చదువు మానినది ఆమెయే, పెండ్లి తప్పినది ఆమెకే. గడప దాటుటయు స్వతంత్రమగుటయు ఒకటి కావని ఈ చిత్రము మనకు గుర్తు చేయుచున్నది.

మూడేండ్ల తరువాత 1963లో వచ్చిన సత్యజిత్ రాయ్ గారి ‘మహానగర్’ దీని ప్రక్కన నుంచి చూడదగినది. అది శరణార్థి గాథ కాదు. అందులోని ఆరతియు ఇల్లు గడుపుటకే ఉద్యోగమున చేరి, ఇంటింట అల్లిక యంత్రములు అమ్మును. కాని జీతముతోపాటు ఆమెకు ఆత్మగౌరవమును వచ్చును. తోటి ఉద్యోగిని యగు ఆంగ్లో ఇండియన్ యువతి ఈడిత్‌ను యజమాని అన్యాయముగా తీసివేయగా, భర్తకు కొలువు లేని వేళ ఆరతి తన యుద్యోగమునకు రాజీనామా ఇచ్చును. ఆరతికి తోటివారు కలరు, నీతకు లేరు. సంఘమున కలియుట యన నిదియే: ఒకరికి అన్యాయము జరిగినపుడు తనదిగా తలచు మఱియొకరుండుట. పరాయిదేశమునుండి వచ్చినవానికి పనితోపాటు పనివారి స్నేహము దొరకవలెనని రెండు చిత్రములను కలిపి చూచినచో బోధపడును.

ఇక దోషములు. నీతకు దెబ్బమీద దెబ్బ తగులుట కొన్నియెడల కల్పితముగా తోచును. రోగము, ప్రేమభంగము, తమ్ముని గాయము ఒకదాని వెంట నొకటి వచ్చి చూపరిని ఊపిరి త్రిప్పుకొననీయవు. కరుణరసమునకు మితము అవసరము. అంతకన్న పెద్దలోపము మఱియొకటి కలదు. చిత్రమునందు ఇంటికి దక్కిన చోటు కాలనీకి దక్కలేదు. వాస్తవమున ఆ కాలనీలు నిస్సహాయుల గుంపులు కావు. ఖాళీ భూములలో తామే వీధులు తీర్చి, బడులు పెట్టి, సంఘములు స్థాపించుకొనిరి. 1950లో యునైటెడ్ సెంట్రల్ రెఫ్యూజీ కౌన్సిల్ ఏర్పడెను. వారిని వెడలగొట్టుటకు 1951లో చట్టము రాగా గట్టిగా ప్రతిఘటించిరి. విజయగఢమున కళాశాలయే వెలసెను. ఈ పౌరుషము చిత్రములో కానరాదు. నీత యొంటరితనమును ఎత్తిచూపుటకు దర్శకుడు ఇరుగుపొరుగును చీకటిలో నుంచెను. కళకు అది లాభము. సత్యమునకు కొంత నష్టము.

అయినను ఈ లోపములకు మించిన గుణమొకటి తుదిఘట్టమున కలదు. చెల్లెలిని చూచి వచ్చిన శంకరుడు కాలనీ దారిన నడచుచుండగా, మఱియొక ఆడుపిల్ల చెప్పు వారు తెగును. ఆమె వంగి చూచుకొని, సిగ్గుతో నవ్వి, సాగిపోవును. కథ నీతతో ముగియలేదు. ఒక కుటుంబము మేడ కట్టుకొన్నంతమాత్రమున సమస్య తీరలేదు. బరువు మఱియొక భుజమునకు మాఱినది. ఒక్క దృశ్యముతో ఒక మనిషి దుఃఖము ఒక సంఘపు నేరమైనది. కన్నీటి కథకును ఉత్తమకృతికిని గల భేదమిది.

ఇది వంగదేశపు గొడవ, మనకేల యనరాదు. తెలుగువారును ఈ బాధ ఎఱిగినవారే. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా, రంగూనులో కూలిపనులు చేసికొనుచుండిన మనవారు ఎందఱో అడవిదారులబడి నడచి వచ్చిరి. దారిలో రాలిపోయినవారు కలరు. 1960 తరువాతి దశాబ్దమున మఱల అచ్చటినుండి కుటుంబములు తరలివచ్చినవి. విశాఖపట్టణమున కంచరపాలెము చెంత బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. నేడు హైదరాబాదు బాలాపూరు ప్రాంతమున మ్యాన్మారునుండి వచ్చిన రోహింగ్యా కుటుంబములు దినకూలితో బ్రదుకుచున్నవి. భారతదేశము 1951నాటి అంతర్జాతీయ శరణార్థి ఒడంబడికపై సంతకము చేయలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమును లేదు. పత్రము లేనివానికి పని ఇచ్చువాడు కూలి తగ్గించి ఇచ్చును. ఎగగొట్టినను అడుగు దిక్కు లేదు. వారిని ఉంచవలెనా పంపవలెనా యను వాదము ప్రభుత్వములది, న్యాయస్థానములది. ఆ వాదము తేలునంతవఱకు చేసిన పనికి నిండు కూలి ఇచ్చుటయు, ఆ పిల్లలను బడిలో మన పిల్లల ప్రక్కన కూర్చుండనిచ్చుటయు మన చేతిలోనివి.

కావున శరణార్థికి పని చూపితిమని తృప్తిపడువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ జీతముపై అధికారము సంపాదించినవారిదేనా? పనికొఱకు మానిన చదువు మఱల సాగు దారి కలదా? సంపాదించు మనిషి జబ్బుపడిన దినమున ఆ యింటికి, ఆ మనిషికి ఆధారమేమి? ఈ మూడింటికి జవాబు లేనిచో మనము కల్పించినది ఉద్యోగము మాత్రమే. నిలువ నీడ దొరికినది, నిలుచు చోటు దొరకలేదు. గృహిణులును, పెద్దపిల్లలును కలిసి కూర్చుండి ఈ చిత్రమును చూచి, పిమ్మట తమ యింటి జమాఖర్చులనే ఒకమారు పరిశీలించుకొన్నచో మేలు. శరణార్థులు కాని ఇండ్లలోను నీతలు కలరు.