గాలి ఎక్కడ పీకుతోంది?

బందరు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నా కారు వణకడం మొదలై నెల దాటింది. ఐడ్లింగ్‌లో ఆర్‌పీఎం సూది ఊగుతుంది, ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోతుందేమో అనిపిస్తుంది. హైవే ఎక్కి కాస్త స్పీడందుకుంటే మాత్రం ఏ లోపమూ తెలియదు. వీటికి తోడు మీటర్ బోర్డులో పసుప్పచ్చ ఇంజిన్ లైటు.

మొదట చూపించిన చోట స్కానర్ పెట్టారు. పి0171 అని కోడ్ వచ్చింది. ఇంజిన్లో గాలి పాలు ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదు అని దానర్థం. ఆ సంగతి పసిగట్టేది సైలెన్సర్ పైపు మొదట్లో ఉండే ఆక్సిజన్ సెన్సార్. కాబట్టి దాన్ని మార్చి, కోడ్ చెరిపేసి పంపించారు. లైటు ఆరింది. నాలుగో రోజు మళ్ళీ వెలిగింది. చెరిపేశాక అదే తప్పు వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేగానీ కంప్యూటర్ లైటు వెయ్యదట. ఆ నాలుగు రోజులూ బాగైందనుకున్నాను.

ఆటోనగర్లో ఒక చిన్న షెడ్డు మేస్త్రికి ఇదంతా చెప్పి, తీసేసిన పాత సెన్సార్ చూపించాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది నిజమే చెప్పిందండీ. నిజం చెప్పినదాన్ని తీసి పారేశారు,” అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని పక్కనే నిలబడి చూశాను. స్కానర్ ఆయనా పెట్టాడు, అయితే కోడ్ దగ్గర ఆగలేదు. ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె తీశాడు. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఎంత గాలి వస్తోందో ఫిల్టర్ దాటగానే ఉన్న సెన్సార్ కొలిచి చెబితే, దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు వదులుతుంది. లెక్క సరిపోతే ట్రిమ్ సున్నా దగ్గర ఉంటుంది. చాలక అదనంగా పొయ్యాల్సి వస్తే ప్లస్‌లోకి పోతుంది. నా కారులో ఐడ్లింగ్ మీద ప్లస్ 24 చూపించింది.

“చిన్నా, రైజ్ చెయ్యి. రెండున్నర వేల దగ్గర పట్టుకో,” అన్నాడు. కుర్రాడు ఎక్సలేటర్ తొక్కి పట్టుకున్నాడు. అంకె మెల్లగా 15కి, 9కి, 5కి దిగింది. కాలు తీయగానే మళ్ళీ ఎక్కింది. మేస్త్రి స్కానర్ పక్కన పెట్టేశాడు. “ఎక్కడో గాలి పీకుతోంది.”

నాకు బోధపడ్డాక ఎంత సంతోషం వేసిందో! చెంబెడు నీళ్ళు శేరు పాలలో పోస్తే నాలుకకు తెలిసిపోతుంది, బిందెడు పాలలో పోస్తే తెలియదు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం. కొలత సెన్సార్ దాటాక ఒక పగులులోంచి దొంగగా చొరబడే గాలి అందులో పెద్ద వాటా అవుతుంది. రైజ్ చేస్తే అసలు గాలి వరదలా వస్తుంది, దొంగగాలి లెక్కలోకే రాదు. అదే పెట్రోలు పంపు నీరసించి ఉంటే అంకె తిరగబడేది: ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, రైజ్ చేసినకొద్దీ పెరిగేది. ఒక్క విడిభాగమైనా విప్పకుండా సగం అనుమానాలు తీరిపోయాయి.

ఇది అన్ని కార్లకూ వర్తించదు. గాలిని తూచకుండా, ఇంజిన్‌లోకి గాలి పంచే మానిఫోల్డు లోపలి ఒత్తిడి చూసి లెక్కగట్టే కార్లు మన రోడ్ల మీద చాలా ఉన్నాయి. అదే చిల్లు వాటిలో పడితే దొంగగాలి కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది, మిశ్రమం అంతగా చెడదు, ఐడ్లింగ్ పెరుగుతుంది. బండి గాలిని ఎలా కొలుస్తుందో ముందు తెలుసుకోవాలి.

2013 ఏప్రిల్ నుంచి మన కార్లలో, బండి తన లోపాన్ని తానే పసిగట్టే ఓబీడీ ఏర్పాటు రెండో దశ వచ్చింది. స్టీరింగ్ కింది సాకెట్‌కి స్కానర్ తగిలిస్తే కోడ్ ఎవరైనా చదవొచ్చు. చదవడమే జబ్బు కనిపెట్టడం అనుకునే అలవాటూ దాంతోపాటే పెరిగింది. దీని మీద నాకు కోపం ఉంది. ఒళ్ళు కాలుతోందని థర్మామీటర్ మార్చం కదా.

ఇక చిల్లు వెతకాలి. కొందరు కార్బొరేటర్ క్లీనర్ చల్లి ఇంజిన్ చప్పుడు మారిందా అని చూస్తారు. కాలుతున్న ఇంజిన్ మీద మండే ద్రవం చల్లడం ఆయనకు ఇష్టం లేదు, నాకూ ధైర్యం లేదు. మూరెడు రబ్బరు పైపు తీసి ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొసను మానిఫోల్డు గాస్కెట్ వెంట, బ్రేక్ బూస్టర్ పైపు వెంట, క్లిప్పుల దగ్గర నిదానంగా జరిపాడు. వాల్వ్ కవర్ మీంచి మానిఫోల్డుకి వెళ్ళే పైపు మలుపు దగ్గర ఆగి, నన్ను రమ్మని సైగ చేశాడు. పైపు చెవిలో పెట్టుకున్నాను. ఇంజిన్ రొద వెనక సన్నగా, తెరిపిలేని ఈల.

పైనుంచి చూస్తే ఆ పైపుకి ఏమీ లేదు. ఇంజిన్ ఆపి, ఊడదీసి, బొటనవేళ్ళతో వంచితే మలుపు అడుగున నోరు తెరుచుకుంది. వేడికీ నూనె ఆవిరికీ రబ్బరు జున్నులా మెత్తబడి గోరంత మేర చీలింది. వేలికి నల్లటి జిడ్డు అంటింది.

కొత్త పైపు వేశాక అంకె ప్లస్ 2 దగ్గర నిలబడింది, వణుకు పోయింది. నేను తాళాలు అడిగితే, “పది నిమిషాలాగండి” అని, చీలిన పైపును మళ్ళీ బిగించి, కుర్రాణ్ణి పిలిచి రబ్బరు పైపు చేతికిచ్చాడు. ఎక్కడని చెప్పలేదు. వాడు గాస్కెట్ దగ్గర చాలాసేపు విన్నాడు, బూస్టర్ దగ్గర తల అడ్డంగా ఊపాడు. తర్వాత మలుపు దగ్గరికి వచ్చి కళ్ళు మూసుకున్నాడు.

“ఇక్కడ, అన్నా!”

“మళ్ళీ మొదట్నించి చూడు,” అన్నాడు మేస్త్రి.