బేరింగు బిగువు

మిల్లింగ్ యంత్రంలో టూల్‌ను పట్టి తిప్పే స్పిండిల్‌లో బేరింగులను వదులుగా ఉంచరు. బాల్స్‌కీ, అవి దొర్లే రేసులకీ మధ్య ఖాళీ పూర్తిగా పోయి, ఆపైన కాస్త నొక్కుకునేలా ముందే బిగిస్తారు. ఈ ముందస్తు బిగువునే షాపుల్లో ప్రీలోడ్ అంటారు. బేరింగులో పిసరంత ప్లే ఉన్నా, టూల్ పన్ను లోహాన్ని తాకిన ప్రతిసారీ షాఫ్ట్ ఆ ఖాళీలో కొట్టుకుంటుంది. జాబ్ మీద చాటర్ గీతలు పడతాయి. వదులైన నులకమంచం మనిషి కూర్చోగానే కుంగుతుంది, బిగించినది అంతగా కుంగదు. బేరింగు సంగతీ అంతే.

పోలిక అక్కడితో ఆగుతుంది. బేరింగును బిగించిన కొద్దీ గట్టిదనం అదే లెక్కన పెరగదు. గుండ్రటి బాల్, వంపు తిరిగిన రేసు తాకే చోటు మొదట చుక్కంతే, నొక్కే కొద్దీ పరుచుకుంటుంది. హైన్రిష్ హెర్ట్స్ 1880ల మొదట్లో ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం గట్టిదనం బలానికి ఘనమూలం చొప్పునే పెరుగుతుంది. గట్టిదనం రెట్టింపు కావాలంటే బిగువు ఎనిమిది రెట్లు కావాలి. రాపిడి, వేడి మాత్రం ఇంత నిదానంగా పెరగవు. ఇంకాస్త బిగిస్తే ఇంకాస్త మేలనే అలవాటుకు బలైన స్పిండిళ్లు, వదులై పాడైన వాటికంటే తక్కువేమీ కాదు.

స్పిండిల్‌లో వాడేవి ఎక్కువగా యాంగులర్ కాంటాక్ట్ బేరింగులు. బాల్ రేసులను 15 లేదా 25 డిగ్రీల వాలులో తాకుతుంది కాబట్టి ఒక్కో బేరింగు ఒకవైపు తోపునే ఆపగలదు. అందుకని రెంటిని వీపు వీపు ఆనించి అమరుస్తారు. మధ్యలో ఒకదానిలో ఒకటిగా రెండు స్పేసర్ రింగులు ఉంటాయి. లోపలిది ఇన్నర్ రేసుల మధ్య, బయటిది ఔటర్ రేసుల మధ్య. లోపలి స్పేసర్ కొన్ని మైక్రాన్లు పొట్టిగా ఉంటే, లాక్‌నట్ బిగించినప్పుడు ఇన్నర్లు దగ్గరకు జరిగి బాల్స్ నలుగుతాయి. బేరింగులు జతగా వస్తే రేసుల ముఖాలను తయారీలోనే ఆ లెక్కకు గ్రైండ్ చేసి పంపుతారు. అప్పుడు స్పేసర్లు రెండూ సమానంగా ఉండాలి, రెంటినీ ఒకే మాగ్నెటిక్ చక్ మీద పెట్టి ఒకేసారి గ్రైండ్ చేయడం అందుకే. ఎలా చూసినా, బిగువును నిర్ణయించేది నట్టు తిప్పే చెయ్యి కాదు, సర్ఫేస్ గ్రైండర్ మీద స్పేసర్ కొలత. నట్టు బలంగా తిప్పితే ఇన్నర్ ముఖాలు స్పేసర్‌కు గట్టిగా ఆనుతాయి, మరీ బలంగా తిప్పితే స్పేసర్ నలిగి లెక్క తప్పుతుంది.

ఇదంతా బల్ల మీద, చల్లగా, ఆగి ఉన్న స్పిండిల్ కథ. తిరగడం మొదలుపెట్టాక లోపలి బిగువు బల్ల మీద పెట్టిన బిగువు కాదు.

మొదటి కారణం వేడి. ఉక్కు మీటరు పొడవుకు డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 70 మి.మీ. బోరు బేరింగులో ఇన్నర్ రేసు వ్యాసం 80 మి.మీ. దాకా ఉంటుంది. అది ఔటర్ కంటే 5 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మైక్రాన్లు ఉబ్బుతుంది. 15 డిగ్రీల వాలులో ఈ ఉబ్బు, ఒక్కో బేరింగు లెక్కన, స్పేసర్‌ను 9 మైక్రాన్లు అరగదీసినంత పని చేస్తుంది. ప్రీలోడ్ కోసం పెట్టిన తేడాయే కొన్ని మైక్రాన్లు! బిగువు పెరిగితే రాపిడి, రాపిడితో వేడి, వేడితో మళ్లీ బిగువు. మంటకు గాలి తోడైనట్టే. లోపలి స్పేసర్ కూడా వేడికి సాగి కొంత బిగువు సడలిస్తుంది, కానీ బేరింగులు దగ్గరగా ఉన్నప్పుడు ఆ ఊరట చాలదు.

ఇక్కడ, బేరింగులు కూర్చునే హౌసింగ్‌ను నీటితో చల్లబరిచే చిల్లర్ గురించి ఒక మాట. మే నెలలో హైదరాబాద్ బాలానగర్ రేకుల షెడ్డులో గాలి 40 డిగ్రీలు దాటినా స్పిండిల్‌కు దానంతట అది ప్రమాదం కాదు, షాఫ్టూ హౌసింగూ కలిసి పెరుగుతాయి. తేడాయే ముప్పు. చిల్లర్‌ను అతి చల్లగా పెడితే హౌసింగ్ ముడుచుకుంటుంది, వేడెక్కిన ఇన్నర్ లోపల ఉబ్బే ఉంటుంది. చల్లబరిచిన కొద్దీ బేరింగు బిగుసుకుంటుందన్నమాట. చాలా చిల్లర్లలో నీటిని గది వేడిమితో పాటు నడిపే సదుపాయం పెట్టింది ఊరికే కాదు.

రెండో కారణం వేగం. 70 మి.మీ. బోరు బేరింగులో 12 మి.మీ. ఉక్కు బాల్ బరువు 7 గ్రాములు. షాఫ్ట్ నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే, ఆ 7 గ్రాములు ఔటర్ రేసును దాదాపు 10 కిలోల బలంతో నొక్కుతాయి. 24,000 అయితే 40 కిలోలు. ఔటర్ దగ్గర తాకే వాలు తగ్గుతుంది, ఇన్నర్ దగ్గర పెరుగుతుంది. బిగువు మరీ తక్కువైతే బాల్స్ దొర్లడం మాని జారతాయి, రేసు మీద గీకిన మచ్చలు వస్తాయి. ఎక్కువైతే కాలుతుంది, తక్కువైతే గీసుకుపోతుంది. వేగం పెరిగే కొద్దీ మధ్య దారి ఇరుకవుతుంది.

ఆ దారి వెడల్పు చేయడానికే సిరామిక్ బాల్స్ వచ్చాయి. సిలికాన్ నైట్రైడ్ బరువు ఉక్కులో 40 శాతమే. పై లెక్కలో 10 కిలోలు 4 కిలోలవుతుంది. వేడికి పెరగడం ఉక్కులో నాలుగో వంతు.

బిగువును వదిలేయకుండా అదుపులో పెట్టే మార్గం స్ప్రింగులు. వెనక బేరింగును జారే స్లీవులో పెట్టి, చుట్టూ చిన్న స్ప్రింగులతో నెడతారు. షాఫ్ట్ 300 మి.మీ. పొడవున 10 డిగ్రీలు వేడెక్కి 36 మైక్రాన్లు సాగినా, స్ప్రింగు అంత దూరం ఒదిగి దాదాపు అదే తోపు ఇస్తుంది. గట్టిదనం కొంత తగ్గడం దీని ఖరీదు. లాగే దిశలో స్ప్రింగు ఆపలేదు కూడా. స్లీవు జామ్ అయితే స్ప్రింగు ఉండి లేనట్టే, పైకి మాత్రం ఏమీ కనపడదు.

తక్కువ వేగంలో ఉక్కును లోతుగా కోసి, అదే యంత్రంలో ఎక్కువ వేగంతో అల్యూమినియం ఫినిషింగ్ చేయాలంటే ఒకే బిగువు కుదరదు. అలాంటి చోట హైడ్రాలిక్ పిస్టన్‌తో మెల్లగా తిరిగేటప్పుడు గట్టిగా, వేగంలో తేలికగా నెట్టే ఏర్పాటు ఉంటుంది. వోల్టేజి ఇస్తే పిసరంత సాగే పైజో పలకలతో మైక్రాన్ల స్థాయిలో నెట్టే నమూనాలూ ఉన్నాయి. మామూలు జాబ్ షాపుకు ఇంత హంగు దండగ.

బిగించాక కొలవడం కష్టం, బేరింగు లోపలికి చెయ్యి పోదు. స్పిండిల్‌ను తెలిసిన బలంతో అక్షం వెంట నెట్టి డయల్‌లో కదలిక చూస్తారు, లేదా తట్టి మోగే పౌనఃపున్యం కొలుస్తారు. గ్రీజు బేరింగులను మెట్లమెట్లుగా వేగం పెంచుతూ రన్-ఇన్ చేయాలి. మొదట వేడి ఎక్కుతుంది, అదనపు గ్రీజు పక్కకు తప్పుకోగానే దిగి నిలకడవుతుంది. ఎక్కుతూనే ఉంటే ఆపి చల్లారనివ్వాలి. రెండు మూడుసార్లయినా నిలకడ రాకపోతే విప్పాల్సిందే. అప్పుడు ఒకటి రెండు మైక్రాన్లు తగ్గించాల్సింది బయటి స్పేసర్. తొందరలో లోపలిది గ్రైండ్ చేస్తే బిగువు ఇంకా పెరుగుతుంది.